పెనం మీది లెక్క

ఇరవై ఆరేండ్లుగా పెనం ముందర నిలబడుకోని ఉండాను.
చుయ్ అనే చప్పుడు వింటే చాలు,
పిండి ఎంత పులిసిందో కండ్లు మూసుకోని చెప్తాను.
అట్లాంటి నన్ను పట్టుకోని
"సూపర్ మార్కెట్ పిజ్జా మంచిదా,
హైరోడ్డు పిజ్జా మంచిదా మొగిలప్పన్నా" అన్నాడు
గ్రీమ్స్‌పేట సెల్‌ఫోన్ షాపు దామోదరం.
అడిగి ఊరుకున్నాడా, నూర్రూపాయలు పందెం కూడా కట్టినాడు.

మొదటిది
ఐస్‌క్రీముల పక్కన, బఠానీల కింద,
అట్టపెట్టెలో పండుకోని ఉండింది.
నూటా డెబ్బై తొమ్మిది. రెండు కొంటే ఇరవై తగ్గింపు.
పెట్టె మీద బొమ్మలో చీజ్ తీగలు తీగలుగా సాగతా ఉండాది.
తెరిచి వేలితో తడితే
తలుపు కొట్టిన చప్పుడు.

అవెన్‌లో పెట్టమని రాసినారు వెనకాల.
నాకాడ అవెన్ యాడుంది?
రాత్రి పదికి, ఆఖరి గిరాకీ చెయ్యి కడుక్కున్నాక,
మంట సగానికి దించి
ఎర్రగడ్డ కోసి పెనానికి రుద్ది
దాన్ని పండబెట్టి, ఇడ్లీ గుండాన మూత బోర్లించినా.
పక్కన నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించినా.
నీళ్లు అరిచినాయి గానీ
అది పలకలా.
మూత తీస్తే
పైన చీజ్ ఇంకా ఆలోచిస్తానే ఉండాది,
కింద ఒక పక్క అప్పుడే నల్లబడింది.
తిన్నా.
బ్రెడ్డుకి జలుబు చేసినట్టుండాది.
ఆ మాడిన పక్క మటుకు
నోటికి తెలిసిన రుచి.
ఆ మాడు నాది కదా.

ఆదివారం దామోదరమే బండెక్కించుకోని పోయినాడు
అద్దాల కొట్టుకి.
"మద్రాసులో తిను, బెంగుళూరులో తిను,
అచ్చం ఇదే రుచి అన్నా" అన్నాడు, తనే చేసినట్టు.
నిన్నటి దోసె ఇవాళ రాదే నాకు,
ఎండాకాలం పులుపు వానకాలం రాదే,
అదెట్లబ్బా అనుకున్నా.
నాలుగు వందల ముప్పై. పన్ను వేరే.
ఏసీ చలికి చేతులు చంకల్లో పెట్టుకోని కూర్చుంటి.
టేబుల్ తుడిచే గుడ్డకి కూడా వాసన లేదు.

వంటిల్లు చూడకుండా నేను యాడా తినను.
లేచి పోయినా.
అద్దం అవతల ఇనుప బెల్టొకటి
ఇటుపక్క పచ్చిపిండి మింగతా ఉండాది,
అటుపక్క కాలింది కక్కతా ఉండాది.
మధ్యలో మనిషి లేడు.
వాసన చూసేవాడు లేడు,
"ఇంకొంచేపుండనీ" అనేవాడు లేడు.

బెల్టు చివర, టోపీ పెట్టుకోని
చక్రం కత్తితో కోస్తా ఉండేవాడు తలెత్తినాడు.
యుగంధర్.
మా కొట్లో గ్రైండరు కాడ మూడేండ్లు ఉండినోడు.
పిండిలో వేలు ముంచి నాలిక్కి తాకించి
"అన్నా, ఇంకో గంట" అంటా ఉండినోడు.
జీతం పెంచమని అడిగిన పొద్దు
వినబడనట్టు దోసె తిప్పినా నేను.
చెయ్యి ఖాళీగా లేదు మరి.
చెవి మాత్రం ఖాళీగానే ఉండింది.

"ఎంజాయ్ చేయండి సార్" అన్నాడు వాడు.
వాడి వెనకాల మేనేజరు.

పిజ్జా బాగుండాది. అబద్ధం చెప్పను.
చీజ్ సాగింది, అంచు ఉబ్బింది,
అడుగు సమంగా ఎర్రబడింది, చుక్క మాడు లేదు.
ఎవురి తప్పూ లేని తిండి.
రెండు ముక్కలు తిని మూడోది దామోదరం పక్కకి జరిపినా.

బయటికొస్తా ఉంటే వాడు ఎనకనే వచ్చి
కారం పొట్లాలు గుప్పెడు నా జోబీలో వేసినాడు.
మనిషికి రెండే ఇయ్యాలంట, బోర్డుండాది గోడకి.
ఏమీ మాట్లాడలా ఇద్దరమూ.
వాడి వేళ్లకి పిండి లేదు, పల్చటి ప్లాస్టిక్ తొడుగుండాది.

పందెం ఎవురు గెలిచినారని దామోదరం
రోజూ టీకి వచ్చి అడుగుతానే ఉండాడు.
పొట్లాలు చట్నీ గిన్నెల వెనకాల పడుండాయి.
ఒకటి చించి చూసినా, మా పొడి ముందర అది కారమే కాదు.

ఈ పొద్దు పిండి ఒక గంట ఎక్కువ పులిసింది.
గిరాకీలు ఎవురూ ఏమనలా, తినేసి పోయినారు.
మొదటి గరిటె పోసినప్పుడే,
ఆ చప్పుడుకే,
నాకు తెలిసిపోయింది.