కొక్కెం

ఫిబ్రవరి వస్తే ఎనుమాముల దిక్కు నుంచి
గాలి ఎర్రగా వస్తుంది మా బడికి.
ఎనిమిదో తరగతి మొత్తం తుమ్ముతుంది,
సుద్దముక్క పట్టుకుని నేనూ.

కారణాంక విభజన, మూడో రోజు.
గుణించమంటే కళ్లు మూసుకుని గుణిస్తారు.
వచ్చిన దారినే వెనక్కి పొమ్మంటే
గోడ దిక్కు చూస్తారు.
మూడు ఎక్స్ ప్లస్ మూడు వై.
"రెండిట్ల ఉన్నదేంది?" అంటే
"ప్లస్ సార్" అన్నది ఆడెపు రవళి.
తప్పని అనబుద్ధి కాలేదు.

జన్ను కౌశిక్‌ది చివరి బెంచీ.
యూనిట్ టెస్టుల ఇరవై ఐదుకు రెండు.
వాళ్ల నాయన సమ్మయ్య మార్కెట్ల హమాలీ;
సీజన్ల పొద్దుగాల పోయి పద్దు రాసేది వీడే.
ఎందుకు అడిగానో, అడిగాను:
"బస్తాకు పన్నెండు రూపాయలు.
పొద్దున ముప్పై ఏడు, మాపటికి అరవై మూడు. ఎంతరా?"
నా నోరు మూతపడకముందే, "పన్నెండు వందలు."
"ఎట్ల?"
"రెండుసార్లు ఎందుకు గుణించుడు సార్,
బస్తాలన్నీ ఒక్కకాడికి తెచ్చి
పన్నెండును ఒక్కసారి ఎత్తితె సాలదా?"

పదకొండేళ్లుగా ఆ మాటనే
'ఉమ్మడి కారణాంకమును బయటకు తీయుట' అని
బోర్డు మీద రాస్తున్నాను.

బోర్డు కాడికి పిలిచాను.
మూడు రాశాడు. తర్వాత బ్రాకెట్టు.
అది బ్రాకెట్టు కాదు,
బస్తా మెడల దించే ఇనుప కొక్కెం,
కొస కొంచెం లోపలికి వంగి.
ఎక్స్ ప్లస్ వైని అందులో పెట్టి
అటు దిక్కు ఇంకో కొక్కెంతో పట్టాడు.
సరిదిద్దలేదు.
ఇప్పుడు క్లాసు మొత్తానికి అదే బ్రాకెట్టు.

వారం దాటాక ఏడు ఎక్స్‌ను విడగొట్టాం,
ఇద్దరు మనుషులు ఒక బరువు పంచుకున్నట్టు.
గుణిస్తే పన్నెండు రావాలి, కూడితే ఏడు.
"ఒకటీ పన్నెండు?" "శానా ఎక్కువ."
"రెండూ ఆరు?" "ఒకటి ఎక్కువ."
యార్డుల వేలంపాట లెక్కనే.
"మూడూ నాలుగు!" రవళి పాట ఖాయమైంది.

నిన్న తొందరలో చూసుకోకుండా ఇచ్చాను:
ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్ ప్లస్ ఒకటి.
గంట కొట్టినా కౌశిక్ లేవలేదు.
తెచ్చి చూపిన నోటుబుక్కుల
చెరిపి చెరిపి కాగితం చిరిగింది.
కళ్లు ఎర్రగా ఉన్నయి. మిరపఘాటే కావచ్చు.
"కొక్కెం దిగుతలేదు సార్."
"దిగదురా. అది విడిపోదు. అట్లనే ఉంటది."

నమ్మలేదు.
మెట్ల కాడ ఆగి, మోకాలి మీద పుస్తకం పెట్టి
ఇంకోసారి వేసి చూస్తున్నాడు.