చెవుల డబ్బా

పడవ ఎక్కీ ఎక్కగానే నోయ్లీన్
చెవుల్లోంచి రెండు మిషన్లూ తీసి
నా తాళాల డబ్బాలో పెట్టింది.
"ఇక నన్నేం తిట్టుకున్నా నీ ఇష్టం లెసియెలీ," అంది
రేవంతా వినేంత గట్టిగా.

నెయాఫు వెనక్కి జరిగింది.
చర్చి గోడ, చేపల బజారు,
గట్టు మీద చేతులు కట్టుకుని మా అన్న ఫిలిమోనె,
అందరూ కొండ మలుపులో కలిసిపోయారు.
మా తెరచాపకి మూడు అతుకులు.
ఒకటి పిండిసంచిది. దాని మీది గోధుమ కంకి
గాలి నిండినప్పుడల్లా కోతకొచ్చినట్టు ఉబ్బుతుంది.

తొమ్మిదేళ్ల కిందట, న్యూజిలాండులో,
కివీపళ్ల షెడ్డులో, బెల్టుకి అటు తను, ఇటు నేను.
ఆ యంత్రాల రొదే ఆమె చెవుల్ని కొరుక్కు తినేసింది.
అరిచినా దండగే గనక
వేళ్లతో మాట్లాడుకునేవాళ్లం:
మెత్తబడ్డ పండుకి బొటనవేలు కిందికి,
సూపర్‌వైజరు వస్తుంటే ముక్కు గోక్కోవడం,
టీకి ఇంకెంతసేపని గాలిలో ఒక గడియారం.

వాకాఎయితు పక్కన లంగరు వేశాను.
మాస్కు అద్దం మీద ఉమ్మాలని చేసి చూపిస్తే
పింఛను కాగితాలున్న పెద్దమనిషి
అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక,
ఉమ్మింది. చాలా శ్రద్ధగా.
నీళ్లలోకి దిగాక మాత్రం
నా మణికట్టు పట్టుకుంది చూడండి,
ఆ గుర్తులు ఇంకా ఉన్నాయి.

కింద పగడాల మీద నీలిరంగు నక్షత్ర చేపలు,
షిఫ్టు అయిపోయాక ఎవరో విప్పి పారేసిన
రబ్బరు తొడుగుల్లా.
ఆమెకీ అదే తోచినట్టుంది,
ఐదు వేళ్లూ చాచి నా వైపు ఆడించింది.
ఇంకాస్త ముందుకి, ఇసుకలో,
బద్ధకంగా పడున్న సముద్రపు దోసకాయ.
నోయ్లీన్ దాన్ని పైనుంచి కిందిదాకా పరీక్షించి
బొటనవేలు కిందికి చూపింది.
మెత్తబడ్డ సరుకు.
గొట్టంలో నవ్వితే ఉప్పునీళ్లు లోపలికొస్తాయని
ఇరవై ఏళ్లుగా అందరికీ చెప్పేదాన్ని నేనే.

దగ్గి, తేరుకుని చూస్తే
ఆమె కదలడం లేదు.
అరచేయి రొమ్ము ఎముక మీద ఆనించి
తేలుతోంది, అంతే.
భయపడ్డాననుకోండి. గుండె అనుకున్నాను.
తల ఊపింది, కాదని.
నా చేతిని కూడా లాగి నా రొమ్ము మీదే పెట్టింది.
ముందు ఏమీ లేదు.
రొయ్యల చిటపట, నా ఊపిరి, అంతే.
తర్వాత, ఎక్కడో హుంగా అవతలి లోతుల్లోంచి,
తలుపు మెల్లగా తెరుచుకుంటున్నట్టు
ఒక తిమింగలం.
చెవిటివాడి ముందు శంఖం అని
ఎవరన్నారో గానీ,
వాళ్లు నీళ్లలోకి దిగి ఉండరు.

తిరుగుదారిలో ఎదురుగాలి.
కొబ్బరిపాలలో చేపముక్కలు తిని
ఆమె ముందు అంచున కూర్చుంది, వీపు నా వైపు,
పాపిట వెంట ఎర్రగా కమిలిన గీత.
రేపు ఆదివారం. మా ద్వీపాల్లో ఆ రోజు పడవలు కదలవు,
దేవుడూ, గుంతపొయ్యిలో దుంపలూ తప్ప
ఎవరూ పనిచేయరు.
సోమవారం ఆమె విమానం.
డబ్బా మూత పెట్టే ఉంది.
ఆ ధైర్యంతో, ఆ వీపుతో చెప్పేశాను,
ఆరు రోజులుగా నాలిక చివర ఉన్నది:
పడవ అమ్మేస్తున్నాం.
ఫిలిమోనె బయానా కూడా తీసుకున్నాడు.
ఎల్లుండి నుంచి నేనేం చేయాలో నాకు తెలీదు.
మళ్లీ ఆ బెల్టు దగ్గరికి రానంటే రాను.

గాలి అంతా పట్టుకుపోయింది.
లేక చెక్కల్లోంచి పాకిందో, నాకు తెలీదు.
నోయ్లీన్ వెనక్కి తిరగలేదు.
చెయ్యెత్తి, గాలిలో
గుండ్రంగా ఒక గడియారం గీసింది.

ఇంకెంతసేపు?

ఒడ్డు గురించో, పడవ గురించో,
ఉత్త టీ గురించో.
చుక్కాని వదిలితే దిబ్బకి కొట్టుకుంటాం.
అప్పుడు ఇటు తిరిగింది.
ఖాళీగా ఉన్న ఒక్క చెయ్యీ ఎత్తి
ఐదు వేళ్లు చూపించాను.
సరేనన్నట్టు తలూపి
మళ్లీ ముందుకి తిరిగి కూర్చుంది.