పన్నెండో లెవెల్

పొగతోటలో పళ్ళ డాక్టరు మేడ మీద
రేకుల గదిలో
నా ఉద్యోగం చచ్చిపోవడం.
రోజుకు మూడొందల సార్లు.
ఎక్కడ చచ్చానో, ఎట్టా చచ్చానో
లాంగ్‌సైజు నోటుబుక్కులో రాసి పెట్టాలి.

ఆట పేరు రాత్రిగుంట.
రొయ్యల గుంట గట్టు మీద ఒక కాపలావాడు.
కరెంటు పోతుంది, ఏరేటర్లు ఆగుతాయి,
నీళ్ళల్లో గాలి అయిపోయేలోగా
పరిగెత్తి జనరేటర్ తాడు లాగాలి.
వాడి మొహమంతా కలిపి ఎనిమిది చుక్కలు.
అందులోనే మస్తానయ్య
వాళ్ళ నాయన మీసం ఇరికించాడు.

ఆటను బయటికి తెచ్చింది పెంచలరత్నం,
అంతకుముందు పెళ్ళిపత్రికలు, రొయ్యమేత సంచుల మీద బొమ్మలు వేసినాయన.
"పత్రిక ఒకసారి చూసి పారేస్తారు.
ఇదైతే ఓడినోడు మళ్ళీ వస్తాడు గదమ్మా."

ఓడినోళ్ళు వచ్చారు.
ముత్తుకూరు నించి, అల్లూరు నించి,
తర్వాత మ్యాపులో వెతుక్కోవాల్సిన ఊళ్ళ నించి.
వియత్నాం నించి ఒకడు రాశాడు:
మా గుంట కూడా ఇంతే, కాకపోతే మాకు కుక్క ఉంటుంది.
మర్నాటికి కుక్కను పెట్టాం.
ఆ నెల జీతం ఒకరోజు ముందే పడింది,
మనిషికి అరకేజీ మలైకాజాతో.

అప్పుడు అద్దాల ఆఫీసు. పదకొండు మంది. బ్యాంకు అప్పు.
ఇంకో మూడు ఆటలు.
వాటిలోనూ చచ్చాను గానీ
ఎందుకు బతకాలో ఆ ఆటలకే తెలియదు.

ఎవరో మా గుంటను చేపల తొట్టిగా మార్చి
ఊరికే పంచిపెట్టారు.
మొదట టీ ఆగింది.
తర్వాత ఏసీ.
తర్వాత మస్తానయ్య చెన్నై బస్సెక్కాడు, చెప్పకుండా.
రత్నంగారు కుర్చీలు అమ్ముతూ
ఒక్కోదానికి రసీదు రాసిచ్చారు, పాత అలవాటు,
అంచున తీగెలూ పూలూ ఉన్న కాగితం మీద.

నేనిప్పుడు తోటపల్లి గూడూరులో
గుంట నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉన్నా.
సీసాలు, నంబర్లు.
గాలి తగ్గిందని నేను ఫోన్ చేస్తే
నిజం మనుషులు నిజంగానే పరిగెత్తుతారు.

పగిలిన ఫోన్లో పన్నెండో లెవెల్ ఇంకా ఉంది,
సగం కట్టింది.
గట్టుంది, చీకటుంది,
జనరేటర్ పెట్టేలోపు డబ్బులైపోయాయి.
కరెంటు పోతుంది. వాడు గట్టు చివరిదాకా వెళ్ళి నిలబడతాడు.
నేనేమీ నొక్కను.
కుక్క వచ్చి వాడి పక్కన కూర్చుంటుంది.

దానికి కూర్చోవడం మేమెవరం నేర్పలేదు.
నోటుబుక్కు ఉంటే రాసి పెట్టేదాన్ని.