పొడి లెక్క

మైనస్ పద్దెనిమిది.
దహనశాల కప్పు మీద మోకాలి లోతు మంచు.
పెట్టెకు రెండు పిడులు, మేమూ ఇద్దరమే.
ఇరవై ఎనిమిది కిలోలు, ముప్పై ఆరు ఇనుప మెట్లు.

"మట్టంగా పెట్టు," అంటుంది ఉర్వె,
ఒక కాలి కింద నిన్నటి పేపరు మడిచి తోస్తూ.
నీరు పల్లమెరుగు.
మిగతాదంతా ఈ పెట్టె ఎరగాలి.

చిమ్నీ అంచుకు నాలుగు బోల్టులు,
ఒకటి తుప్పు పట్టి బతిమాలించుకుంది.
ప్రోబు లోపలికి దించి
వేడి గొట్టం చుట్ట విప్పాం. నూట ఎనభై డిగ్రీలు.
అది పడుకున్న మేర మంచు కరిగి
కప్పు రేకు నల్లగా బయటపడుతోంది.

గొట్టం ప్రోబును కలిసే చోట
వేలెడు లోహం ఒంటి మీద గుడ్డ లేకుండా ఉంది.
"ఇక్కడే," అంది, "ఇక్కడే నీరు పుడుతుంది,
గంధకం అందులో మునిగి చస్తుంది,
మనం కిందికెళ్ళి తక్కువ అని రాసుకుంటాం.
అబద్ధమాడేది పొగ కాదు, చలి."
కుడిచేతి తొడుగు లాగేసింది.
ముహు దీవిలో మేనత్త అల్లిన ఎర్రపూల ఉన్ని.
దాన్ని ఆ కీలుకు చుట్టి తీగతో బిగించింది.

ఇక చిల్లరు నాలుగు డిగ్రీలకు దిగేదాకా
రై రొట్టె, ఉప్పుచేప, ఫ్లాస్కు కాఫీ.
లీకు పరీక్ష: ప్రోబు మూతి మూస్తే
గాజు గొట్టంలో చిన్న గుండు అడుక్కి పడాలి.
పడలేదు.
బిగించాం. పడలేదు.
ఫిల్టరు గిన్నె రబ్బరు రింగులో ఒక వెంట్రుక, నాదే.
పడింది.

నైట్రోజన్ పంపాం, సున్నా చూపింది.
సిలిండరు మీద రాసిన అంకె పంపాం, ఆ అంకే చూపింది.
యంత్రానికి తెలిసిన జవాబులు అయిపోయాయి.

హెయినో మెట్ల నుంచి తల పైకెత్తి
"మొదటిది పెట్టనా?" అన్నాడు.
ఫారంలో ఇంధనం అనే గడి ఉంది: గ్యాసు.
భారం అనే గడి ఉంది.
"ఎనభై రెండు. పేటికతో కలిపి."
రాసుకున్నాను. పేరుకు గడి లేదు.

పది నిమిషాలు కార్బన్ మోనాక్సైడు ఎగిరింది,
తర్వాత తగ్గింది,
తర్వాత ఏమీ జరగలేదు, చాలాసేపు.
చిన్న పంపు చక్రం తిరుగుతూ
చుక్క, ఆగి, ఇంకో చుక్క సీసాలోకి వదిలింది.

నాకిది రెండో వారం.
పోయిన మంగళవారం పాల ఫ్యాక్టరీ బాయిలరు,
అక్కడా ఇలాగే కారింది, నేల మీద పారబోశాను.

సాయంత్రానికి ముగ్గురు. నలభై మిల్లీలీటర్లు.
"చాలావరకు మంట నీరే," అంది ఉర్వె,
"గ్యాసు కాలితే నీరొస్తుంది గదా. చాలావరకు."
రిపోర్టు పొడి లెక్కన ఇవ్వాలి:
నీరు తీసేయగా మిగిలిందే అంకె.

తీగ విప్పి తొడుగు తీసింది.
అరచేతి మేర పూలు గోధుమరంగుకు మాడాయి.
ఓసారి దులిపి తొడుక్కుంది.

వ్యానంతా కాలిన ఉన్ని వాసన.
మామూలుగా సీసా డబ్బాలో వేసి తాళం పెడతాం.
రెండు బూట్ల మధ్య నిలబెట్టి పట్టుకున్నాను.
మలుపు దగ్గర ఉర్వె బ్రేకు మెల్లగా వేసింది.