నెలవంక రేటు

ఖైతాన్‌లో మా హోటల్ ముందు నిలబడి
చంద్రుడి కోసం అందరికన్నా ఎక్కువ మెడ చాచేది
మా సేటు మహబూబ్ పీరా.
కనపడితే రేపు పండగ,
మటన్ బిర్యానీ దినారూ ముప్పావు.
కనపడకపోతే ఇంకో ఉపాసం,
దినారూ పావు.
మధ్యలోని ఆ అర దినారు
ఆకాశంలో ఎక్కడో సన్నగా, వంకరగా వేలాడుతుంటుంది.

రాత్రి ఏడున్నరకి ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి.
సేటు దేవుడికి దండం చెప్పుకుని
ఆ నోటితోనే
"పెంచలయ్యా, స్టిక్కర్లు కత్తిరించు" అన్నాడు.
గీతల్లేని తెల్ల కాగితం, నీలం పెన్ను, నా చేతిరాత.
స్టూలెక్కి పాత అంకెల మీద కొత్త అంకెలు అంటించాను.
చాయ్‌ని మాత్రం వదిలెయ్యమన్నాడు.
చాయ్ రేటు పెంచితే జనం గొడవ చేస్తారట.

మర్నాడు మధ్యాహ్నానికి
మంగాఫ్ నించి, మహబూలా నించి
బస్సులు దిగి వచ్చారు మావాళ్లు.
చొక్కాల మీద పెట్టెలోని మడతలు ఇంకా అట్లాగే ఉన్నాయి.
పండగ కొందరిది. సెలవు అందరిదీ.

సిద్ధవటం నాగముని బోర్డు దగ్గరికి పోయి
బొటనగోటితో స్టిక్కరు మూల గీకాడు.
"ఏంది కిందుండేది?"
"మొన్నటి రేటు."
"మేక గూడా మొన్నటిదేనా?"

చెప్పాను. నోటికొచ్చినవన్నీ చెప్పాను.
ఎర్రగడ్డల బస్తా లేచిందని,
మాంసం కొట్టువాడు నాలుగు రోజుల ముందే గొంతు మార్చాడని,
జిలానీ భాయ్ నిన్న సాయంత్రం నించి పొయ్యి వదల్లేదని,
గిన్నెలు కడిగే షఫీకుల్‌కి ఇవాళ్టికి రెండు దినార్లు ఎక్కువని.
అన్నీ నిజాలే.
అన్నీ కలిపి ప్లేటు లెక్కన భాగిస్తే నూట ఎనభై ఫిల్సు.
"మిగతా మూడొందల ఇరవై?"
క్యాలిక్యులేటర్ సొరుగులో పెట్టేసి
సేటును అడగమన్నాను.

సేటు దాచే మనిషి కాదు.
"అబ్బీ, మామూలు శుక్రారం నువ్వు పొట్లం కట్టించుకుని పోతావు.
ఇవాళ రెండు గంటలు కూర్చుంటావు.
ఒక బిర్యానీ, ఇద్దరు మనుషులు, నాలుగు చాయ్‌లు.
ఫోన్లో మీ పాపకు ముక్క చూపిస్తావు,
ఆ పిల్ల అక్కడ నోరాడిస్తే నువ్విక్కడ నవ్వుతావు.
లెయ్ అంటానా నేను? ఎట్లా అంటాను, పండగ పూట!
కుర్చీలు పదహారు. బయట చూడు ఎంతమందో.
బిర్యానీ రేటు పెరగలేదు నాయనా.
అది కుర్చీ రేటు.
బోర్డు మీద కుర్చీకి చోటు లేక
బిర్యానీ పక్కన రాయించినా."

నాగముని కాసేపు ఆలోచించాడు.
ఇరవయ్యో అంతస్తు పరంజా మీద పనిచేసేవాడు,
అడుగు వేసేముందు ఆలోచిస్తాడు.
"అట్లయితే కుర్చీ నీకాడే పెట్టుకో.
నేను నిలబడి తింటా."

ఐస్‌క్రీం పెట్టె మూత మీద ప్లేటు పెట్టుకున్నాడు.
నేను సేటు వైపు చూశాను.
సేటు ఫ్యాను వైపు చూశాడు.
పాత రేటే కొట్టాను.

పక్కన ఇంకొకడు చేరాడు. తలుపు దగ్గర ముగ్గురు.
ఏడాదంతా నిలబడే పనులు చేసేవాళ్లకు
ఇదో లెక్కా!
మోచేతులు తగిలి పెరుగుపచ్చడి ఒలికింది,
ఎవడో ఎవడినో తిట్టాడు, అందరూ నవ్వారు.
పదహారు కుర్చీల్లో ఏడు ఖాళీ.

అప్పుడు వంటగది తెర తోసుకుని
ఎవరూ పిలవకుండానే జిలానీ భాయ్ వచ్చాడు.
భుజం మీద మసిగుడ్డ, కనుబొమ్మల్లో చెమట.
ఒక కుర్చీ వెనక్కి లాగి
మెల్లగా కూర్చున్నాడు.
ఈ హోటల్లో తొమ్మిదేళ్లు,
ఆయన ఈ గదిలో కూర్చోగా నేను చూడలేదు.
చెప్పులు విడిచి
పాదాలు రెండూ చల్లటి నేలకు ఆనించాడు.
కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు.

"దీనికా అర దినారు?" అన్నాడు సేటుతో.
"తక్కువే పెట్టినావు."