పాటకీ పాటకీ మధ్య

గుణుపురంలో మెలోడీ మూడో రాత్రి.
మైదానం ఇక్కడికి అర కిలోమీటరు.
అయినా డ్రమ్ము మోగినప్పుడల్లా
సెలైన్ సీసాలో నీళ్లు వణుకుతున్నాయి.

నాలుగు మంచాలు, పదకొండు మంది.
స్పీకర్ల గుట్టెక్కి జారిపడ్డ కుర్రాడు,
చెవిలో ఈల ఆగట్లేదని ఏడ్చే పాన్‌డబ్బా పీతాబాస్,
ఏం తాగాడో చెప్పనివాడొకడు,
చెప్పడం ఆపనివాడొకడు.
నేలమీద ఎవరివో ప్లాస్టిక్ కొమ్ములు,
ఇంకా ఎర్రగా వెలిగి ఆరుతూ.

అంబులెన్సులు రెండు.
ఒకటి పద్మపురం దారిలో చక్రం మార్చుకుంటోంది.
రెండోది స్టేజి పక్కనే ఉండాలని పైనుంచి మాట,
అతిథులకేమైనా అయితే?
అతిథులకేమీ కాలేదు.
"కదల్లేనమ్మా, రోడ్డంతా మనుషులే"
ఫోన్లో తవిటినాయుడు, నోట్లో జంతిక నలుగుతూనే ఉంది.

పన్నెండు దాటాక సొంబారి వచ్చింది.
బండి మీద ముందు మొగుడు, వెనక తల్లి,
మధ్యలో నిండునెలల కడుపు.
జనంలోంచి బయటపడేసరికి గంటన్నర.
పాట చూడ్డానికొచ్చిందనుకుని
పాపం దారిచ్చారట,
స్టేజి వైపుకి.

మిషన్లో బ్యాటరీ లేదు. పాత చెక్కగొట్టం తీసి
కడుపుకానించి చెవి పెట్టాను.
దబ్ దబ్ దబ్ దబ్.
ఎవరిది? లోపలివాడిదా, మైదానానిదా?
ఇరవై రెండేళ్ల కొలువులో
గుండె చప్పుణ్ణి అనుమానించడం ఇదే మొదలు.

"ఆపమనండి" అంది డాక్టర్ మినతి.
ఎవర్ని?
నా వేళ్లు సొంబారి మణికట్టు మీద, చెవి గొట్టం మీద,
ఊరి ఊరంతా పాట మీద.
నిజం చెప్పొద్దూ, అది నాకిష్టమైన పాటే.
కాలి బొటనవేలు నన్నడక్కుండా తాళం వేస్తోంది.
రెండో కాలితో దాన్ని తొక్కిపట్టాను.

పాట అయిపోయింది.
చప్పట్లు. ఈలలు.
వాటి వెనక, సన్నటి ఖాళీ.
అందులో
తడిసిన పిట్ట రెక్కలు విదిల్చినట్టు
వాడు.
పదిహేను సెకన్లకి ముప్పై ఆరు.
ముప్పై ఏడో దాన్ని డ్రమ్ము మింగేసింది.

నాలుగూ పదికి పుట్టాడు. ఏడ్చాడు.
వాడి ఏడుపుకి మైకెవరూ పెట్టలేదు.

తెల్లారాక తవిటినాయుడొచ్చాడు,
అద్దం నిండా రంగుకాగితాల ముక్కలతో,
ఖాళీ బండితో.
వాడి వెనకే పాడినమ్మాయి, గొంతు పోయి.
ఉప్పునీళ్లు పుక్కిలించమని రాసిచ్చాం.
ఎలా పాడానని చేత్తో అడిగింది.

చాలా బాగా, అన్నాను.
ముఖ్యంగా, ఆపినప్పుడు.