ఇరవై మూడో బండి

మా ఇంట్లో మతం మార్చుకోవచ్చు,
బండి మార్చకూడదు.
తాత షెవ్రొలే, నాన్న షెవ్రొలే,
కుక్క కూడా ఫోర్డ్ చప్పుడుకే మొరుగుతుంది.

ఒలవర్రియాలో, ట్రాక్ కంచె పక్కన,
పొద్దున్నే నిప్పు రాజేశాం.
పక్కటెముకలు కాలుతున్నాయి,
మాతే బుర్ర చేతులు మారుతోంది.
పదకొండో చుట్టులో ఒక ఫోర్డ్
పొగ కక్కుతూ వచ్చి మా ముందే ఆగిపోయింది.
తాత చప్పట్లు కొట్టాడు.

దిగినవాడు హెల్మెట్ తీశాడు. బట్టతల.
పేరు ఎచెపారె అట,
ఎప్పుడూ ఇరవై మూడో చోటుకి అటో ఇటో.
బండిని తన్నలేదు.
బానెట్ మీద అరచెయ్యి ఉంచి
పిల్లాడి జ్వరం చూసినట్టు చూశాడు.
తర్వాత కంచె పట్టుకుని
మిగతా పందెం మాతోనే చూశాడు.
మా షెవ్రొలే దూసుకొస్తే
"అబ్బ, ఆ మలుపు తిప్పడం చూశారా!" అన్నాడు,
నోట్లో మా చొరీసో ముక్క.

ఆరేళ్లయింది.
ఎచెపారె ఒక్కసారీ గెలవలేదు.
ఫలితాల కాగితం నేను కింది నుంచి చదువుతాను.
నీలం టోపీ మడిచి
కోటు లోపలి జేబులో పెట్టుకుంటాను.

తాతకి తెలుసు.
మాంసం వడ్డిస్తూ నాకు మాత్రం
మాడిన ముక్క వేస్తాడు.
వేసి, ఎటో చూస్తూ అడుగుతాడు:
"ఏమే, మీవాడు చివరిదాకా వెళ్లాడా?"